షియాన్‌లో నాలుగు రోజులు: టికెట్లు, చూడాల్సినవి, తిండి

బందరు రోడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఏప్రిల్ మూడో వారంలో బీజింగ్ నుంచి రైల్లో షియాన్ వెళ్లి, నాలుగు రోజులుండి, అక్కణ్ణుంచే బ్యాంకాక్ మీదుగా హైదరాబాద్ వచ్చేస్తాం. మొత్తం నలుగురం. అమ్మానాన్నలకి 65 దాటాయి. చదునుగా ఉంటే ఎంత దూరమైనా నడుస్తారు, మెట్లతోనే ఇబ్బంది. అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. మిగతా ముగ్గురం కోడి, మేక తింటాం. ఆవు, పంది వద్దు.

మట్టి సైనికుల దగ్గరికి టూర్‌లో వెళ్లాలా, మెట్రోలో వెళ్లొచ్చా? ముస్లిం వీధి తిండి గురించి అందరూ తెగ చెప్తున్నారు, మాలాంటివాళ్లకి అక్కడ ఏమైనా దొరుకుతుందా? హువాషాన్ కొండకి ఒక రోజు కేటాయించొచ్చా? ఏ టికెట్లు ఇక్కడ ఉండగానే తీసుకోవాలి? వీసా వచ్చేసింది, దాని గురించి వద్దు.

పాతకోట

ఏ రోజు ఏం చూడాలన్నది తర్వాత, ముందు టికెట్ల సంగతి. షియాన్‌లో పెద్ద స్థలాలన్నిటికీ పాస్‌పోర్ట్ నంబరుతోనే టికెట్ ఇస్తారు, గేటు దగ్గర ఆ పాస్‌పోర్టే చూపించాలి. ఫోన్లో ఫొటో ఉందంటే కుదరదు, నలుగురివీ అసలువి వెంట ఉండాలి. పేరు కొట్టేటప్పుడు పాస్‌పోర్ట్ మొదటి పేజీ అడుగున బాణం గుర్తులతో ఉండే రెండు లైన్లు చూసి, అక్కడ ఎలా ఉంటే అలాగే కొట్టండి. మనవాళ్ల ఇంటిపేర్లు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా రాసి ఉండటంవల్లే ఎక్కువ గొడవలు వస్తాయి.

రైలు: బీజింగ్ పశ్చిమ స్టేషన్ నుంచి షియాన్ ఉత్తర స్టేషన్‌కి. రైలుని బట్టి నాలుగు గంటల పైన మొదలుకుని ఆరు గంటల దాకా. టికెట్లు 15 రోజుల ముందు తెరుస్తారు, రైల్వే వాళ్ల 12306 యాప్‌లో కొనొచ్చు. కాగితం టికెట్ ఉండదు, పాస్‌పోర్టే టికెట్. ఆటోమేటిక్ గేటు మన పాస్‌పోర్ట్ తీసుకోకపోతే పక్కన మనిషి ఉండే గేటు ఉంటుంది, అటు వెళ్లండి. బీజింగ్‌లో సెక్యూరిటీ క్యూలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి గంట ముందు స్టేషన్లో ఉండాలి. బ్యాగుల్లో కూరగాయల కత్తి, పెద్ద స్ప్రే డబ్బాలు ఉంటే తీసేసుకుంటారు.

మట్టి సైనికులు: టూర్ అక్కర్లేదు, మెట్రో చాలు. టికెట్ 120 యువాన్లు. మ్యూజియం వాళ్ల వీచాట్ (చైనా వాళ్ల మెసేజింగ్, చెల్లింపుల యాప్) పేజీలో గానీ ట్రిప్‌డాట్‌కామ్‌లో గానీ ముందే తీసుకోండి. ఊరికి తూర్పున దాదాపు 40 కిలోమీటర్లు, లింతోంగ్ అనే చోట. గంట గోపురం దగ్గర (స్టేషన్ పేరు జోంగ్‌లౌ) 6వ లైను ఎక్కి చివరి స్టేషన్ ఫాంగ్‌జిచెంగ్ దాకా వెళ్లండి. అక్కడ 9వ లైనులోకి మారి హువాచింగ్ చి స్టేషన్‌లో దిగండి. బయట 602 సిటీ బస్సు ఉంటుంది. నలుగురున్నారు కాబట్టి అక్కణ్ణుంచి కారు పిలిచినా పెద్ద ఖర్చు కాదు. గంట గోపురం నుంచి మ్యూజియం గేటు దాకా గంటన్నర వేసుకోండి.

మోసమంతా ఈ దారిలోనే. పాత రైల్వే స్టేషన్ ముందు, హువాచింగ్ చి మెట్రో బయట "బస్సు లేదు, నేను తీసుకెళ్తా" అనేవాళ్లుంటారు. వాళ్ల కారెక్కితే నకలు బొమ్మలు పెట్టిన హాలుకో, విగ్రహాలమ్మే ఫ్యాక్టరీకో తీసుకెళ్తారు. అక్కడ పోయేది డబ్బు కంటే సగం రోజు.

మ్యూజియం 8:30కి తెరుస్తుంది. టూర్ బస్సులు తొమ్మిదిన్నర నుంచి దిగుతాయి, అందరూ ముందు 1వ గుంటకే (బొమ్మలు బయటపడ్డ మూడు గుంటల్లో పెద్దది) పోతారు. ఎనిమిదిన్నరకి గేటు దగ్గరుంటే నేరుగా 1వ గుంటకి వెళ్లిపోండి. 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు ఉన్న హాలు అది. ముందు రెయిలింగ్ దగ్గర జనం మూడు వరసల్లో నిలబడతారు కానీ, పక్క నడవలో వెనక్కి వెళ్లేకొద్దీ పలచబడతారు. అతికించే పని జరుగుతున్న బొమ్మలు వెనక వైపే ఉంటాయి. ఆలస్యమైతే వరస తిప్పేయండి: ముందు 3, తర్వాత 2, చివర్లో 1. మూడోది చిన్నది, సేనాపతుల స్థావరం అంటారు. రెండోది చాలావరకు ఇంకా మట్టి కిందే ఉంది, అద్దాల పెట్టెల్లో పెట్టిన నాలుగైదు బొమ్మల కోసం వెళ్లాలి. మోకాళ్ల మీద కూర్చున్న విలుకాడి చెప్పు అడుగున కుట్లు కూడా కనిపిస్తాయి.

చాలామంది వదిలేసేది కంచు రథాలు. 1980లో దొరికాయి, అసలు రథాల్లో సగం సైజు, ఒక్కోదాంట్లో 3000కు పైగా భాగాలు. వాటిని 2021 నుంచి గుంటల దగ్గర కాకుండా లిషాన్ తోటలో వేరే భవనంలో పెట్టారు. టికెట్ అదే, ఉచిత బస్సు ఉంటుంది. ఈ మట్టి సైన్యం ఎవరి సమాధికి కాపలాగా పెట్టారో, ఆ చిన్ షి హువాంగ్ చక్రవర్తి సమాధి దిబ్బ కూడా అటే. దాన్ని తవ్వలేదు, పచ్చని గుట్టలా కనిపిస్తుంది, లోపలికి వెళ్లడానికి ఉండదు. ఎందుకు తవ్వలేదంటే, బొమ్మల మీది రంగులకి అడుగున లక్క పూత ఉంది. నేల తడిలోంచి బయటి పొడిగాలిలోకి రాగానే అది నిమిషాల్లో ముడుచుకుని రంగుతో సహా ఊడిపోతుంది. 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడ్డ తొలి బొమ్మలకి జరిగింది అదే.

కోటగోడ: టికెట్ 54 యువాన్లు. చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు, పైన 12 నుంచి 14 మీటర్ల వెడల్పు. దక్షిణ ద్వారం యోంగ్‌నింగ్ దగ్గర ఎక్కి సైకిల్ తీసుకుంటే ఆగుతూ వెళ్లినా రెండు గంటల్లో చుట్టి రావచ్చు. ఇటుకల నేల, కుదుపు ఉంటుంది. వాన పడితే సైకిళ్లు ఇవ్వరు, అందుకే ఈ పనిని చివరి రోజుకి నెట్టకండి. పెద్దవాళ్లకి బ్యాటరీ బండి ఉంది. సాయంత్రం ఐదుకి ఎక్కితే ఎండ తగ్గుతుంది, దీపాలూ చూడొచ్చు.

షాన్షీ చరిత్ర మ్యూజియం: ఉచితం, అదే దాని సమస్య. కొన్ని రోజుల ముందు మాత్రమే స్లాట్లు వదులుతారు, నిమిషాల్లో అయిపోతాయి. సోమవారం సెలవు. దొరక్కపోతే దళారుల దగ్గర కొనకండి. చిన్న హంస గోపురం ప్రాంగణంలోని షియాన్ మ్యూజియానికి వెళ్లండి (2వ లైను, నాన్‌షావ్‌మెన్). మంగళవారం సెలవు. అక్కడ చెట్ల నీడ ఉంది, జనం తక్కువ. 8వ శతాబ్ది తొలి ఏళ్ల గోపురం కూడా అందులోనే. అమ్మానాన్నలకి నిజానికి ఇదే హాయిగా ఉంటుంది.

పెద్ద హంస గోపురం (3, 4 లైన్లు, దాయాన్‌తా): హ్యూయన్ త్సాంగ్ భారతదేశం నుంచి తెచ్చిన గ్రంథాలు దాచడానికి 652లో కట్టించినది. ఏడు అంతస్తులు, దాదాపు 64 మీటర్లు. ఆయన మన ధాన్యకటకంలో, అంటే అమరావతి ప్రాంతంలో, కొన్నాళ్లుండి అభిధర్మం (బౌద్ధ తత్వశాస్త్రం) చదువుకున్నాడు కాబట్టి తెలుగువాళ్లు అక్కడ కాసేపు ఆగడం న్యాయమే. లోపలి చెక్క మెట్లు ఇరుకు, పైకెక్కే టికెట్ వేరు. పెద్దవాళ్లు కింద గుళ్లో కూర్చోవచ్చు. దక్షిణాన ఉన్న దీపాల వీధి రాత్రికి బాగుంటుంది. శని, ఆదివారాల్లో మాత్రం తోపులాట.

హువాషాన్ ఈసారికి వద్దు. హైస్పీడ్ రైల్లో అరగంట దాటితే చేరతారు, కేబుల్ కారూ ఉంది, అంతవరకు బాగానే ఉంటుంది. కానీ కేబుల్ కారు దిగాక శిఖరాల మధ్య తిరగడమంతా రాతి మెట్లే. దక్షిణ శిఖరం 2154 మీటర్లు. ఆ రోజుని హాన్ యాంగ్‌లింగ్‌కి ఇవ్వండి. హాన్ వంశపు జింగ్ చక్రవర్తి సమాధి అది, విమానాశ్రయం వైపు ఉంది. నేలకింద హాల్లో గాజు నేల మీద నడుస్తూ కాళ్ల కింద గుంటలు చూడొచ్చు. బొమ్మలు అరవై సెంటీమీటర్లే. చేతులు చెక్కవి, బట్టలు పట్టువి, రెండూ చివికిపోయి నగ్నంగా నిలబడి ఉంటాయి. సైనికుల గుంటల దగ్గర ఉండే జనంలో పదో వంతు కూడా ఉండరు. విమానం రాత్రికైతే సామానుతో కారు మాట్లాడుకుని, దారిలో అది చూసి అటునుంచటే వెళ్లిపోవచ్చు.

మిరపమడి

తిండి గురించి నేను చెప్తాను. షియాన్ గోధుమల ఊరు, అన్నం వెతుక్కోకండి. పులుపు, కారం, వెల్లుల్లి ధారాళంగా వాడతారు కాబట్టి మన నోటికి బీజింగ్ కంటే బాగా నప్పుతుంది.

అమ్మగారికి మొదటి దిక్కు లియాంగ్‌పి. గోధుమపిండిని నీళ్లలో పిసికి, ఆ పాలు పేరబెట్టి, పలచటి రేకులుగా ఆవిరి మీద ఉడికించి, చల్లారాక పట్టీలుగా కోస్తారు. పిసకగా మిగిలిన బంక ముద్దని కూడా ఉడికించి ముక్కలు వేస్తారు. దాని మీద మొలకలు, కీరా, వెనిగర్, వెల్లుల్లి నీళ్లు, మిరపనూనె. మామూలుగా మాంసం ఉండదు. బియ్యప్పిండితో చేసేది కూడా ఉంది, మెత్తగా ఉంటుంది. ముస్లిం వీధుల్లో నువ్వుల ముద్ద కలిపి ఇస్తారు, అదే కడుపు నింపేది. సుమారు పది యువాన్లు. చల్లటి వంటకం కదా, జనం బాగా ఉన్న కొట్లోనే తినండి.

రెండోది యౌపో మియెన్. వెడల్పు నూడుల్స్ మీద కారం, వెల్లుల్లి, ఉల్లికాడలు పెట్టి, పొగలు కక్కే నూనె చుయ్యిమని పోస్తారు, మన తాలింపు పెట్టినట్టే. ఇక్కడ ఒక చిక్కుంది. బియాంగ్‌బియాంగ్ నూడుల్స్ కొట్లలో ఎక్కువమందికి ఇచ్చేది మూడు కలిపిన గిన్నె: నూనె కారం, టమాటా గుడ్డు, మాంసం ముక్కల కూర (సావ్‌జి అంటారు, తరచు పందిదే). వేలు చూపించి ఆర్డర్ చేస్తే అదే వస్తుంది. నూనె కారం ఒక్కటే కావాలని చెప్పాలి.

"శాకాహారం" అని ఒక్క మాట చెబితే మాంసం ముక్కలు తీసేసి అదే పులుసు పోస్తారు. ఫోన్లో చైనీస్‌లోకి మార్చి పెట్టుకోవాల్సిన వాక్యం ఇది: "మాంసం, చేప, గుడ్డు, మాంసపు పులుసు, పంది కొవ్వు ఏవీ వద్దు, ఉల్లి, వెల్లుల్లి, కారం ఉండొచ్చు." ఆఖరి ముక్క తప్పనిసరి. లేకపోతే బౌద్ధ భోజనం అనుకుని ఉల్లి, వెల్లుల్లి కూడా తీసేస్తారు, ఇక అందులో రుచేముంటుంది. తీపిలో జెంగ్‌గావ్ (జిగురు బియ్యం, ఖర్జూరం లాంటి ఎర్రపండ్లు కలిపి ఆవిరి మీద చేసేది), పెసరపిండి బిళ్లలు, నూనెలో వేయించిన పెర్సిమన్ పండు రొట్టెలు ఉన్నాయి. తాగడానికి బింగ్‌ఫెంగ్ నారింజ సోడా, ఆ ఊరి సొంత సరుకు.

మీ ముగ్గురికి: గంట గోపురం పక్కన డోలు గోపురం వెనక ఉన్న పెద్ద వీధి చూడటానికి బాగుంటుంది కానీ, తినడానికి పక్క సందులు మేలు. దాపియువాన్, సాజిన్‌చావ్ వీధులకి వెళ్లండి, ధర తక్కువ, తినేది ఊరివాళ్లే. మెనూలో మూడు మాటలు గుర్తుపట్టండి: యాంగ్‌రౌ గొర్రె, న్యూరౌ గొడ్డు, జూరౌ పంది. హుయి ముస్లింల (ఆ వాడలో ఉండే చైనా ముస్లింలు) కొట్లలో పంది ఉండదు కాబట్టి ఆ భయం లేదు. కానీ అక్కడి రౌజియామో రొట్టెలో పెట్టేది న్యూరౌ. ముస్లిం వాడ బయట అదే రొట్టెలో పంది పెడతారు. అంటే ఊళ్లో పేరున్న రౌజియామో రెండు రకాలూ మీకు పనికిరావు. పొద్దుట అమ్మే హులాతాంగ్ చూడటానికి కూరగాయల పులుసులా ఉంటుంది, అందులో గొడ్డుమాంసం ఉండలుంటాయి.

మీకు సరైనది యాంగ్‌రౌ పావ్‌మో. రెండు గట్టి రొట్టెలు, ఖాళీ గిన్నె ఇస్తారు. వాటిని శనగ గింజంత ముక్కలుగా చేత్తో తుంచాలి, ఇరవై నిమిషాల పని. పెద్ద ముక్కలు వేస్తే మధ్యలో పిండి పిండిగా ఉండిపోతుంది, ఎందుకంటే వంటవాడు పులుసులో రెండు మూడు నిమిషాలే ఉడికిస్తాడు. మీ గిన్నె తారుమారు కాకుండా నంబరు బిళ్ల ఇస్తారు. పులుసు ఎంత ఉండాలో కూడా చెప్పొచ్చు: గాన్‌పావ్ అంటే దాదాపు పొడిగా, కౌతాంగ్ అంటే చివర్లో ఒక గుక్క మిగిలేలా, షుయ్‌వేచెంగ్ అంటే చుట్టూ పులుసు నిండుగా. మొదటిసారికి కౌతాంగ్. వచ్చాక కలపకండి, అంచు నుంచి తింటూ మిరప ముద్ద కొంచెం కొంచెం అద్దుకోండి, మధ్యలో తీపి వెల్లుల్లి ఊరగాయ. పేరున్న పాత హోటళ్లు తోంగ్‌షెంగ్‌షియాంగ్, లావ్ సున్ జియా. ముప్పై నుంచి యాభై యువాన్లు. ఒక్క గిన్నె ఇద్దరికి సరిపోతుంది, నాలుగు చెప్పేయకండి.

సంగడిగుంట

మిరపమడి గారూ, పావ్‌మో విషయంలో ఒక సవరణ. గొర్రె మాంసం అడిగినా, చాలా కొట్లలో పులుసు గొర్రె, గొడ్డు ఎముకలు కలిపి కాచిందే. ముక్క తినకపోతే చాలు అనుకునేవాళ్లకి ఫరవాలేదు. పట్టింపు ఉన్నవాళ్లు మాత్రం పావ్‌మో మానేసి, జీలకర్ర చల్లి కాల్చిన గొర్రె చువ్వలు తినడం మంచిది. పులుసు ఉండదు, కళ్లెదురుగానే కాలుస్తారు. యాంగ్‌రౌ అని అడిగి తీసుకోండి, పక్కనే న్యూరౌ చువ్వలూ ఉంటాయి.

ముస్లిం వాడకి వెళ్లినప్పుడు పెద్ద మసీదు వదలొద్దు. శాసనం ప్రకారం 742లో మొదలైంది, ఇప్పుడున్న కట్టడాలు మింగ్ రాజవంశ కాలం నాటివి. ఒకదాని వెనక ఒకటి ప్రాంగణాలు, మినార్ స్థానంలో ఎనిమిది మూలల మండపం. అంతా చదునే, మీ పెద్దవాళ్లకి చక్కగా సరిపోతుంది. ప్రార్థన హాల్లోకి మాత్రం ముస్లింలనే రానిస్తారు.

రెండో సిమ్

డబ్బు, ఫోను సంగతి ఎవరూ చెప్పలేదు. అక్కడ చెల్లింపులన్నీ ఫోన్ యాప్‌లలోనే, కాబట్టి బయల్దేరే ముందే అలీపే, వీచాట్ రెండిట్లోనూ పాస్‌పోర్ట్ ధ్రువీకరణ చేసి వీసా లేదా మాస్టర్‌కార్డ్ కలపండి. రూపే పనికిరాదు. బ్యాంక్ యాప్‌లో విదేశీ లావాదేవీలు ఆన్ చేయాలి. ఓటీపీ భారత్ నంబరుకే వస్తుంది కాబట్టి ఆ సిమ్ కనీసం ఎస్సెమ్మెస్ అందేలా ఉంచండి. అది మర్చిపోతే అక్కడ కొత్త కార్డు కలపడం కుదరదు. 200 యువాన్లు దాటిన చెల్లింపుకి 3 శాతం రుసుం పడుతుంది, హోటల్ బిల్లు ముందే ఆన్‌లైన్లో కట్టేస్తే నయం. నలుగురిలో ఇద్దరి ఫోన్లలో పెట్టండి, ఒకరి ఖాతాకి తాళం పడితే రెండోది ఉంటుంది. ఓ ఐదొందల యువాన్లు నోట్లుగా, వీలైనంత చిల్లరగా ఉంచుకోండి.

గూగుల్, వాట్సాప్, యూట్యూబ్ హోటల్ వైఫైలో రావు. భారత్ సిమ్ రోమింగ్ గానీ విదేశీ ఈసిమ్ గానీ అయితే మామూలుగా పనిచేస్తాయి, ఆ డేటా బయటి దేశం మీదుగా వెళ్తుంది కాబట్టి. మ్యాపుకి ఆమాప్ వాడండి, ఇంగ్లిష్‌లో ఉంది. కారుకి అలీపేలోనే దీదీ ఉంది. విమానాశ్రయానికి మెట్రో 14వ లైను ఉత్తర రైల్వే స్టేషన్ నుంచి వెళ్తుంది, మీది ఏ టెర్మినలో ముందే చూసుకోండి. 2025 ఫిబ్రవరిలో టీ5 తెరిచారు, దాని మెట్రో స్టేషన్ వేరు. ఇంకోటి, చైనా లోపలి విమానాల్లో 3సి ముద్ర (చైనా భద్రతా ధ్రువీకరణ గుర్తు) లేని పవర్ బ్యాంకులు 2025 జూన్ 28 నుంచి నిషేధం. మీరు రైల్లో వెళ్తున్నారు కాబట్టి ఇబ్బంది లేదు, విమానం ఎక్కేవాళ్లు చూసుకోండి.

డాలస్ దోసకాయ

మధ్యలో దూరుతున్నాను. మాది అమెరికా పాస్‌పోర్ట్, హైదరాబాద్ వెళ్లి తిరిగొస్తూ షియాన్ చూడాలని ఉంది. వీసా కావాలా?

పాతకోట

అమెరికా పాస్‌పోర్ట్ వాళ్లకి వీసా లేకుండా 240 గంటలు ఆగే ట్రాన్సిట్ సదుపాయం ఉంది, షియాన్ విమానాశ్రయం కూడా ఆ జాబితాలో ఉంది. షరతు ఏంటంటే, వచ్చిన దేశం, చైనా నుంచి వెళ్లే దేశం వేరువేరుగా ఉండాలి. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ మీదుగా షియాన్, అక్కణ్ణుంచి అమెరికా అయితే సరే. అమెరికా నుంచి వచ్చి అమెరికాకే తిరిగి వెళ్తానంటే చెల్లదు. ముందుకి వెళ్లే టికెట్, తేదీ, సీటు ఖాయమై ఉండాలి. ఇంట్లో ఎవరిదైనా భారత్ పాస్‌పోర్టే ఉంటే, గ్రీన్‌కార్డ్ ఉన్నా సరే, వాళ్లకి ఇది వర్తించదు, మామూలు వీసా తీసుకోవాల్సిందే.

బందరు రోడ్డు

చాలా థాంక్స్ అండీ. హువాషాన్ కొట్టేశాం. ఇలా అనుకుంటున్నాం: మొదటి రోజు మధ్యాహ్నం రైలు దిగి సాయంత్రం గోడ, రెండో రోజు సైనికులు, మూడో రోజు పొద్దున పెద్ద హంస గోపురం, మధ్యాహ్నం షియాన్ మ్యూజియం, రాత్రి ముస్లిం వాడ, నాలుగో రోజు హాన్ యాంగ్‌లింగ్, విమానం. మా మూడో రోజు మంగళవారం అవుతోంది. హోటల్ ఎక్కడ తీసుకోవాలి?

పాతకోట

మంగళవారం షియాన్ మ్యూజియం సెలవని పైన రాశాను కదా. రెండో రోజు, మూడో రోజు తారుమారు చేసేయండి. అప్పుడు మ్యూజియం సోమవారం పడుతుంది, తెరిచే ఉంటుంది. సైనికులు మంగళవారం, అక్కడ వారపు సెలవు లేదు. టికెట్ ఇంకా తీసుకోలేదు కాబట్టి ఇప్పుడే తేదీ మార్చుకోండి, పాస్‌పోర్ట్ నంబరుతో తీసుకున్నాక మార్చడం తలనొప్పి. ముస్లిం వాడని సోమవారం రాత్రికే ఉంచండి, లింతోంగ్ నుంచి తిరిగొచ్చాక అమ్మానాన్నలకి మళ్లీ సందులు తిరిగే ఓపిక ఉండదు.

హోటల్ గోడ లోపల, గంట గోపురానికీ యోంగ్‌నింగ్ ద్వారానికీ మధ్య. 2, 6 లైన్లు రెండూ నడక దూరంలో ఉంటాయి. బుక్ చేసేముందు విదేశీయులు ఉండి రాసిన రివ్యూలు ఉన్నాయో చూడండి. పాస్‌పోర్ట్ నమోదు చేయడం తెలియని చిన్న హోటళ్లలో రాత్రిపూట రిసెప్షన్ దగ్గర గంటసేపు నిలబడాల్సి వస్తుంది. లిఫ్ట్ ఉందో లేదో కూడా అడగండి, గోడ లోపలి పాత భవనాల్లో కొన్నిటికి ఉండదు.

మిరపమడి

హాన్ యాంగ్‌లింగ్ దగ్గర అమ్మగారికి తిండి దొరకడం కష్టం. ఆ పొద్దున బయల్దేరేముందు హోటల్ దగ్గరే లియాంగ్‌పి కట్టించుకోండి, మిరపనూనె విడిగా పొట్లం కట్టమనండి. ముందే కలిపేస్తే రెండు గంటల్లో పట్టీలన్నీ ముద్దకడతాయి.